పాపకి తొలి ముద్ద ఎప్పుడు పెట్టాలి? మెల్‌బోర్న్‌లో మా ఉగ్గు, మా అన్నప్రాశన

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? టార్నీట్‌లో ఇవాళ ఎండ బాగానే ఉంది కానీ గాలికి తలుపు తీయలేకపోతున్నాం. అందుకని వీడియో అంతా వంటింట్లోనే. మా పాపకి మొన్ననే ఆరు నెలలు నిండాయి. ఈమధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న, “ఏం పెడుతున్నావు, ఇంకా పాలేనా?” అని. ఇండియా నుంచి ఒకరు నాలుగో నెల అంటారు, ఇక్కడ పార్కులో కలిసే తెలుగు అమ్మాయిలు ఒకరు ఐదు అంటారు, ఇంకొకరు పళ్ళు వచ్చాకే అంటారు. కొత్తగా తల్లయినవాళ్ళకి ఇన్ని మాటల మధ్య ఎంత కంగారుగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఈ వీడియో.

ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డకీ కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, దాని తరఫున మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్సు ఉంటుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఆకుపచ్చ అట్ట పుస్తకం ఇస్తారు చూశారా, బరువు, పొడుగు అన్నీ అందులోనే రాస్తారు. నాలుగో నెలలో ఒక విజిట్, ఆ తర్వాత మళ్ళీ ఎనిమిదో నెలలోనే. తిండి మొదలుపెట్టే రోజులు సరిగ్గా ఆ రెంటి మధ్యలో పడతాయి. కాబట్టి నాలుగో నెల విజిట్‌కి వెళ్ళేటప్పుడే మీ అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మధ్యలో ఏమైనా అడగాలంటే 13 22 29 నంబరుకి ఫోన్ చేయొచ్చు, రాత్రీ పగలూ నర్సులు పలుకుతారు.

ఇక్కడి సలహా ఏమిటంటే, సుమారు ఆరు నెలలకి మొదలుపెట్టండి, నాలుగు నెలల లోపు మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు అంటుంది. ఆ “సుమారు” అన్నచోట చూడాల్సింది క్యాలెండర్‌ని కాదు, బిడ్డని. మెడ గట్టిగా నిలబెడుతోందా? ఆనించి కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోకుండా కూర్చుంటోందా? మనం తింటుంటే మన చేతినే చూస్తూ నోరు తెరుస్తోందా? చెంచా పెడితే నాలుకతో బయటికి తోసేస్తోందా, లోపలికి తీసుకుంటోందా? ఆ తోసేయడం చిన్నపిల్లలకి పుట్టుకతో వచ్చే రక్షణ. అది తగ్గేదాకా ఎంత పెట్టినా గడ్డం మీదికే వస్తుంది. అంతేగానీ రాత్రిళ్ళు లేస్తోందనో, చెయ్యి నోట్లో పెట్టుకుంటోందనో తిండికి వేళైందని అనుకోకండి. మా బంధువులొకరు నిద్ర పట్టాలంటే పాలసీసాలో బియ్యప్పిండి కలపమన్నారు. దానివల్ల నిద్ర పెరగదు, పైగా పిల్లకి గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

అలాగని ఏడు, ఎనిమిది నెలల దాకా పాలతోనే సరిపెట్టడం కూడా మంచిది కాదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఆరు నెలలకి సరిపడా ఐరన్‌ని తల్లి కడుపులోనే దాచుకుని వస్తుంది. ఆ నిల్వ ఈపాటికి అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండే ఐరన్ కొంచెమే. ఏడో నెల నుంచి ఏడాది దాకా బిడ్డకి రోజుకి 11 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని ఇక్కడి లెక్క. మా ఆయనకి కావాల్సింది 8 మిల్లీగ్రాములే! ఏడు కిలోల పిల్లకి ఇంటి పెద్దమనిషి కంటే ఎక్కువ కావాలని తెలిసినప్పటి నుంచీ నేను గిన్నెలో ఏం వేస్తున్నానో చూసే తీరే మారిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే ఆ నిల్వ ఇంకా తక్కువ, వాళ్ళ విషయం డాక్టర్ చెప్పినట్టే వెళ్ళాలి.

ఇప్పుడు ఉగ్గు. మా అమ్మ తెనాలి నుంచి వస్తూ పొడి కొట్టించి తెచ్చింది. ఎయిర్‌పోర్టులో కార్డు మీద తిండి పదార్థాలు ఉన్నాయని టిక్ పెట్టి, డబ్బా తీసి చూపించి తెచ్చుకుంది. మీ పెద్దవాళ్ళు వచ్చేటప్పుడు కూడా దాచకుండా చెప్పమనండి, ఇక్కడ ఆ విషయంలో చాలా గట్టిగా ఉంటారు. పొడి తయారీ ఏముందండీ, రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కందిపప్పు కలిపి, కడిగి నీడన ఆరబెట్టి, దేనికది కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి, కాస్త జీలకర్ర వేసి సన్నటి రవ్వలా పట్టించాలి. నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద మెత్తగా ఉడికించి, దించే ముందు నెయ్యి. ఉప్పు వెయ్యం, పంచదార వెయ్యం.

ఉడికాక అమ్మ దాన్ని ఇంకా పల్చన చేయబోయింది. “గొంతులో సులువుగా జారాలే, పసిపిల్ల కదా” అంది. అమ్మ భయం నాకు అర్థమైంది, మమ్మల్ని అలాగే ఉగ్గుగిన్నెతో పోసి పెంచింది మరి. కానీ ఆరు నెలల పిల్ల పొట్ట ఎంతండీ? కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే మా పాపకి ఒక గ్లాసు కూడా పట్టదు. ఆ కాస్త చోటునీ నీళ్ళలాంటి జావతో నింపేస్తే పొట్ట నిండుతుంది, బలం మాత్రం రాదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలు కాక తిండి నుంచే రోజుకి సుమారు 200 క్యాలరీలు రావాలి. అందుకని ఒకటే గుర్తు పెట్టుకోండి, చెంచాతో తీసి పక్కకి వంచితే వెంటనే జారిపోకూడదు, చెంచాని పట్టుకుని ఉండాలి. ఇదిగో, ఇలా. అమ్మకి కూడా ఇలాగే చూపించాను. “సరేలే, నెయ్యి ఇంకొంచెం వెయ్యి మరి” అంది. వేశాను, నెయ్యి వల్ల బలమే కదా.

మొదట రెండు మూడు చెంచాలు, పాలు తాగాక, పిల్ల హుషారుగా ఉన్నప్పుడు. తర్వాత తర్వాత రెండు మూడు పూటలు, పూటకి అర కప్పు దాకా. పాలు మానిపించేది ఏమీ లేదు, ఏడాది దాకా అసలు ఆధారం పాలే.

ఐరన్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఎక్కువగా వదిలేసేది అదే. ఇక్కడ ఆస్ట్రేలియాలో తొలి తిండే ఐరన్ ఉన్నదై ఉండాలంటారు. వరస ఏదైనా పరవాలేదు, పండు ముందా కూర ముందా అన్న నియమం లేదు. నేను చికెన్ తొడ ముక్క మెత్తగా ఉడికించి, ఉగ్గులో కలిపి మిక్సీ వేశాను. “ఇప్పుడే మాంసం ఏంటే, అరుగుతుందా?” అంది అమ్మ. ఆరు నెలలు నిండిన పిల్లకి మెత్తగా చేస్తే అరుగుతుంది, అందులోని ఐరన్ ఒంటికి పట్టినంత తేలిగ్గా పప్పులోది పట్టదు. శాకాహారులైతే పప్పు, శనగలు, టోఫు, ఐరన్ కలిపిన బేబీ సీరియల్ ఉన్నాయి. వాటితో పాటు కాస్త టమాటా గుజ్జో, కమలారసంలా పుల్లగా ఉండే పండు గుజ్జో పెట్టండి, విటమిన్ సి తోడుంటే ఐరన్ బాగా పడుతుంది. రాగి జావ మంచిదే, కాల్షియం చాలా ఉంటుంది, కానీ ఐరన్ కోసం దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. అక్కడ మన ఊళ్ళలో అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి బాలామృతం అనే పోషకాహార పొడి ఇస్తారు కదా, ఆ వయసు పిల్లలకి పాలు ఒక్కటే చాలవనేగా.

అన్నప్రాశన విషయానికొస్తే, మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో, “ఆడపిల్లకి బేసి నెల అమ్మా, ఐదో నెలలో చేసేయండి” అన్నారు. ఐదో నెల అంటే నాలుగు నిండి ఐదు నడుస్తున్నట్టు. అప్పటికి పాప ఇంకా సరిగ్గా కూర్చోవడం లేదు. “అత్తయ్యా, ఏడో నెల కూడా బేసే కదండీ, ఏడు పడిందంటే ఆరు నిండినట్టే, డాక్టర్ల మాటా మన ఆచారమూ రెండూ కలుస్తాయి” అన్నాను. కాసేపు పంచాంగం చూసుకుని, “అయితే ఏడులోనే మంచిది ఉంది” అన్నారు. కరమ్ డౌన్స్‌లో శివవిష్ణు ఆలయానికి మా ఇంటి నుంచి ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళాలి, అయినా అక్కడే చేసుకోవాలని మా అందరి కోరిక.

పరమాన్నం గురించి మాత్రం ముందే మాట్లాడుకున్నాం. పాలు, జీడిపప్పు, నెయ్యి, బెల్లం... పాప ఎప్పుడూ తినని వాటిని ఒకేరోజు, అదీ పదిమంది మధ్యలో పెడితే, ఒకవేళ ఒంటికి పడకపోతే ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? పైగా జీడిపప్పు పలుకు గొంతులో ఇరుక్కుంటే? అందుకని పాప గిన్నెలోది వేరేగా చేస్తాం. మెత్తటి అన్నం, ఆమెకి అప్పటికే అలవాటైన పెరుగు, నెయ్యి. బంగారు ఉంగరంతో నాకించేది అదే. జీడిపప్పు పరమాన్నం మనకి. అత్తయ్యగారు దీనికి వెంటనే ఒప్పుకున్నారు, నాకు చాలా సంతోషమేసింది.

అలర్జీ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉందండీ. మెల్‌బోర్న్‌లో చేసిన హెల్త్‌నట్స్ అనే అధ్యయనం 2011లో వచ్చింది. ఇక్కడ ఏడాది వయసు పిల్లల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక తిండి పడదని పరీక్ష చేసి తేల్చారు. గుడ్డు ముందు వరసలో ఉంది, తర్వాత వేరుశనగ. విక్టోరియాలో స్కూల్లో చేరే పిల్లల లెక్కలు చూసినప్పుడు, ఆసియా తల్లులకి ఇక్కడే పుట్టిన పిల్లల్లో వేరుశనగ, జీడిపప్పు లాంటివి పడని నట్ అలర్జీ ఎక్కువగా, ఆసియాలో పుట్టి తర్వాత ఇక్కడికి వచ్చినవాళ్ళలో తక్కువగా కనిపించింది. “మన వంశంలో ఎవరికీ లేదు” అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదని దానితోనే నాకు తెలిసింది.

మరి భయపడి మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టకుండా ఉండాలా? ఒకప్పుడు అలాగే చెప్పేవారు. 2015లో లండన్‌లో లీప్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. బాగా ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలని తీసుకుని, కొందరికి చిన్నప్పటి నుంచే వేరుశనగ పెట్టారు, కొందరికి పెట్టలేదు. పెట్టినవాళ్ళలో ఐదేళ్ళకి ఆ అలర్జీ సుమారు 80 శాతం తక్కువ! ఇక్కడ 2016లో సలహా మార్చాక, ఏడాది లోపే వేరుశనగ తింటున్న పిల్లలు 21.6 శాతం నుంచి 85.6 శాతానికి పెరిగారు. అలర్జీ మాత్రం 3.1 నుంచి 2.6 శాతానికే తగ్గింది, అంటే త్వరగా పెట్టినా కొందరికి వస్తుంది. కాబట్టి పెట్టాలి, జాగ్రత్తగా పెట్టాలి.

మేం చేస్తున్నది ఇలా. ఒకసారికి ఒకటే కొత్తది, పొద్దున పూట, ఇద్దరం ఇంట్లో ఉన్నప్పుడు. పలుకులు లేని పీనట్ బటర్ పావు చెంచా ఉగ్గులో కలిపి. గుడ్డు అయితే పూర్తిగా ఉడికించి మెదిపి. పడితే కొద్దికొద్దిగా పెంచి, వారానికి రెండుసార్లైనా పెడుతూ ఉండాలి, ఒకసారి పెట్టి మానేయకూడదు. నువ్వులు, గోధుమ, చేప, జీడిపప్పు ముద్ద, సోయా అన్నీ ఏడాది లోపే. ముందుగా ఒంటికి రాసి చూడటం మంచిది కాదు. దద్దుర్లు, పెదవులు ఉబ్బడం, వాంతి అయితే ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. ఊపిరి కష్టమైనా, పిల్ల పాలిపోయి వేలాడిపోయినా ఆలోచించకుండా ఇక్కడి అంబులెన్స్ నంబరు 000కి ఫోన్ చేయండి. బాగా ఎగ్జిమా ఉన్న పిల్లలకీ, ఇప్పటికే ఏదైనా పడదని తేలినవాళ్ళకీ మొదటే డాక్టర్‌ని అడిగి పెట్టండి.

తేనె మాత్రం ఏడాది లోపు ఒక్క చుక్క కూడా వద్దండీ. మన దగ్గర పుట్టగానే నాకించే అలవాటు ఉంది, కానీ అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసిపిల్లల పేగుల్లో పెరిగి నరాలని పట్టేసే విషం తయారుచేస్తుంది. కాచినా పోదు. ఆవుపాలు తాగించడం కూడా ఏడాది తర్వాతే, వంటలో, పెరుగుగా అయితే పరవాలేదు. మంచినీళ్ళు ఇప్పుడు గుక్కెడు ఇవ్వొచ్చు, కాచి చల్లార్చి.

కొత్తలో పిల్ల ఓక్ మంటుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, మనకి గుండె జారిపోతుంది. శబ్దం వస్తోందంటే, దగ్గుతోందంటే తనే సర్దుకుంటోందని. శబ్దమే రాకుండా ముఖం నీలంగా అయితే అది ఊపిరాడకపోవడం. మా ఆయనా నేనూ పసిపిల్లల ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నాం, ఇంట్లో అమ్మమ్మలకీ తాతయ్యలకీ కూడా చూపించండి. ఎప్పుడూ కూర్చోబెట్టే పెట్టాలి, పడుకోబెట్టి కాదు. ముఖం తిప్పేసిందంటే చాలు అన్నట్టు. అమ్మ “ఇంకొక్క ముద్ద” అంటుంది ప్రేమగా, నేను గిన్నె తీసేస్తాను.

ఎనిమిదో నెలకల్లా మిక్సీ మానేసి చేత్తో మెదిపి పెట్టాలి, వేళ్ళతో పట్టుకుని తినేవి కూడా ఇవ్వాలి. ఉడికిన క్యారెట్, మెత్తటి ఇడ్లీ ముక్క లాంటివి. మెత్తటిదే చాలాకాలం పెడితే తర్వాత పలుకు తగిలితే ఉమ్మేస్తారు. అవి వచ్చే వీడియోలో. మాంసం తినని ఇళ్ళల్లో పిల్లలకి ఐరన్ కోసం మీరు ఏం వండి పెట్టారో రాయండి, నా స్నేహితురాలు ఒకామె అడుగుతోంది, అవన్నీ చేసి చూపిస్తాను. ఉంటానండీ.