ముఖపరిచయం

శ్రోతలకు నమస్కారం.

మొన్న సంక్రాంతి వెళ్లాక మక్తల్ నుంచి ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. మా చిన్నమ్మ వాళ్ల వాడకట్టు పిల్లవాడు. బీఫార్మసీ అయిపోయి పది నెలలు. చాయ్ తాగి, వెళ్లబోతూ గడప దగ్గర అన్నాడు: "సార్, ఎక్కడన్న ఏదన్న ఉంటే చూడండి."

ఆ మాట పట్టుకుని నేను ఎవరికి ఫోన్ చేయను? మళ్లీ కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద, అంటే మందులో ఏది ఎంతుందో పరీక్షించే మిషన్ మీద ప్రాజెక్టు చేశాడు. నైట్ షిఫ్టుకైనా సిద్ధమే. జడ్చర్లలో మేనమామ ఇల్లుంది కాబట్టి పోలేపల్లి ఫార్మా కంపెనీలకు రోజూ పోయి రావచ్చు. "ఈ సంగతులు ఎవరికైనా చెప్పావా?" అంటే తల వంచుకున్నాడు. "మావోళ్లకు చెప్పిన సార్. బయటోళ్లను అడగాలంటే మొహమాటం."

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ మొహమాటం గురించే.

అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉన్నారు. బోస్టన్ పక్కనే ఉన్న న్యూటన్‌లో, అప్పటికి కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి "ఈ పని సంగతి మీకెట్లా తెలిసింది?" అని అడిగారు. సగానికి పైగా మనుషుల ద్వారానే తెలిసిందన్నారు. ఆ చెప్పిన మనిషిని ఎన్నాళ్లకోసారి కలిసేవారని అడిగితే, తరచూ కలిసేవాళ్లమన్నది నూటికి దాదాపు 17 మందే. ఏడాదికి ఒకసారో, అంతకంటే తక్కువో కలిసేవాళ్లమన్నవారు దాదాపు 28 మంది. మిగతావాళ్లు అప్పుడప్పుడు కలిసేవాళ్లు. ఈ సంగతి ఆయన 1973లోనే ఒక వ్యాసంలో రాశారు. 2022లో లింక్డిన్‌లోని సుమారు 2 కోట్ల మంది వివరాలతో జరిగిన అధ్యయనంలోనూ దగ్గరి స్నేహితులకంటే కొద్దిపాటి పరిచయస్తులే ఉద్యోగానికి ఎక్కువ అక్కరకొచ్చారని తేలింది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మన ఇంట్లోవాళ్లకు, మన దోస్తులకు మనమంటే ప్రాణమే. కానీ మనకు తెలిసిందే వాళ్లకూ తెలుస్తుంది. రోజూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లం కదా! కంపెనీ బస్సు నడిపే అన్నకు ఏ స్టాపులో ఎవరు ఎక్కడం మానేశారో తెలుసు. క్యాంటీన్‌లో వడ్డించే అక్కకు కొత్త బ్యాచ్ ఎప్పుడొస్తుందో తెలుసు. పెళ్లిలో ఒక్కసారి పలకరించిన మనిషి మనం ఎన్నడూ చూడని చోట తిరుగుతుంటాడు.

పాలమూరు మనుషులకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. ఆనకట్టలకు, కాలువలకు, ముంబై, పుణె పనులకు మన తాతలు పోయింది మనిషి వెంట మనిషిగానే. అయితే వాళ్లలో చాలామందికి పని దారి తెలిసినవాడు ఒక్కడే, మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చేదీ అతడే, కూలి చెప్పేదీ అతడే. ఇంకో చోట ఎంతిస్తున్నారో చెప్పే దిక్కు లేక, అడ్వాన్సు తీరేదాకా ఇంటిల్లిపాదీ కట్టుబడి ఉండాల్సి వచ్చింది. అందుకే నేను పిల్లలకు గట్టిగా చెబుతాను: ఒక్క పెద్దమనిషినే నమ్ముకుని కూర్చోకండి, పదిమందిని కదిలించండి. అప్పుడే ఎంత జీతం అడగాలో కూడా తెలుస్తుంది.

"ఇది పైరవీ కాదా?" అని కొందరు నొచ్చుకుంటారు. ఖాళీ ఎక్కడుందో అడగడం పైరవీ కాదు. పరీక్ష నువ్వే రాస్తావు, ఇంటర్వ్యూకు నువ్వే పోతావు. సర్కారు ఉద్యోగానికైతే మామూలుగా నోటిఫికేషన్, పరీక్షలే దారి. నాకు ఫలానా ఆఫీసర్ తెలుసు, ఇన్ని లక్షలు సర్దితే పని అయిపోతుంది అనేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. దయచేసి పొలం అమ్మకండి.

ఆ అబ్బాయి మా వరండాలో కూర్చుని నోట్‌బుక్‌లో పేర్లు రాశాడు. పద్నాలుగు వచ్చాయి. తొమ్మిదో పేరు రెండేళ్ల సీనియర్‌ది, ఫేర్‌వెల్ రోజు ఒక్కసారి మాట్లాడాడట. అతనికి మెసేజ్ పెట్టాడు: "అన్నా, నేను మీ జూనియర్‌ను. హెచ్‌పీఎల్‌సీ మీద ప్రాజెక్టు చేసిన. మీ దగ్గర క్వాలిటీ కంట్రోల్‌ల కొత్తోళ్లను ఎప్పుడు తీసుకుంటరు? ఏం చదువుకొని రమ్మంటరు?" ఉద్యోగం ఇప్పించమని అడగలేదు చూడండి. జవాబివ్వడానికి ఇబ్బందిలేని ప్రశ్న అడిగాడు. రాత్రి పదకొండింటికి, షిఫ్టు దిగాక, ఆ సీనియరే ఫోన్ చేశాడు. ఆదివారం వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఉందన్నాడు. ఆ ఆదివారం మనవాడిని తీసుకోలేదు. కానీ అక్కడ లైన్లో పక్కన నిలబడ్డ కుర్రాడి నంబరు తీసుకున్నాడు. అతడు చెప్పిన మరో కంపెనీలో నెలన్నరకు పని దొరికింది.

ఇక ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఒక విన్నపం. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లలకు, ఇంట్లో మొదట డిగ్రీ చదివిన ఆడపిల్లలకు అడగడానికి పద్నాలుగు పేర్లు ఉండవు. చౌటుప్పల్‌లో పనిచేస్తున్నా, కొత్తూరులో పనిచేస్తున్నా, మీ గేటు దగ్గర ఖాళీల కాగితం అంటిస్తే ఫొటో తీసి మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కింద మీ పేరు, మీ సెక్షన్ రాయండి. ఎవరైనా బెరుకు బెరుకుగా ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడండి.

నమస్కారం.