ఆ పారను ఏం చేయాలి?

(ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి ఉన్న ఇంటిని వదిలి, చలి తక్కువగా ఉండే చోటికి కుటుంబమంతా తరలివెళ్ళడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. వృద్ధుల వైద్యంలో చాలాకాలంగా పనిచేస్తున్న డాక్టరుగారు మనతో ఉన్నారు. నమస్కారం డాక్టరుగారూ.

డాక్టరు: నమస్కారమండి. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. ఈ విషయమై నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది ఇల్లు అమ్మకానికి పెట్టేశాక వస్తారు. సామాను సగం కట్టేశాక, "అమ్మకు అక్కడి ఎండ పడుతుందా?" అని అడుగుతారు. అప్పుడు నేను చెప్పగలిగేది కొంచెమే. ఇంకా ఆలోచనలోనే ఉన్నవాళ్ళు ఫోను చేస్తే నాకు ఎంతో సంతోషం.

వ్యాఖ్యాత: మొదటి శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరుగారూ. మాది ఏడాదిలో ఐదు నెలలు మంచు ఉండే ఊరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అమ్మానాన్నలు, నేను, మావారు, ఇద్దరు పిల్లలు. అమ్మకు 70 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పోయిన చలికాలం వాకిట్లో జారిపడింది కూడా. మావారికి వెచ్చని ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, వచ్చే వేసవి దాటాక చేరాలి. అందరం వెళ్ళిపోదామనుకుంటున్నాం. అమ్మకు రేపే వెళ్ళాలని ఉంది. నాన్నే... ఆయనకు 74. వద్దని అనరు, సరేనని అనరు. ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతారు.

డాక్టరు: ముందు అమ్మగారి సంగతి చూద్దాం. వెచ్చదనంతో నొప్పులు పోతాయని ఎవరైనా చెప్పారా?

శ్రోత: అందరూ అదే చెబుతున్నారండి.

డాక్టరు: అందరూ చెప్పేదానిలో కొంతే నిజం. బ్రిటన్‌లో దీర్ఘకాలంగా నొప్పులున్నవాళ్ళు తమ నొప్పిని రోజూ ఫోన్లో నమోదు చేసుకుంటూ వచ్చారు. దాన్ని వాతావరణంతో పోల్చి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లో, గాలి పీడనం తగ్గిన రోజుల్లో, గాలి బలంగా వీచిన రోజుల్లో నొప్పి కొంచెం పెరిగింది. ఎండ, చలి అన్న తేడాకు మాత్రం అంత స్పష్టమైన సంబంధం కనిపించలేదు. కాబట్టి ఆ ఊరు వెచ్చగా ఉంటుందా అనే కాదు, ఉక్కగా ఉంటుందా అని కూడా అడగండి. ఉక్క ఊరికి వెళితే మోకాళ్ళు అలాగే ఉండవచ్చు. జారిపడే భయం తగ్గుతుంది, అది మాత్రం ఖాయం. ఆ వయసులో అదేమీ చిన్న లాభం కాదు. సరే, నాన్నగారి రోజు ఎలా మొదలవుతుందో చెప్పండి.

శ్రోత: ఆయన రోజా? నాలుగున్నరకు లేస్తారండి. మంచు పడిందంటే పార తీసుకుని బయటికి వెళతారు. ముందు పక్కింటి వాకిలి. అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. తర్వాత మాది. ఆ తర్వాత పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే మలుపు దాకా దారి చేస్తారు. నేను నిద్ర లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. చిన్నప్పుడు రోజూ ఆ పార నేలకు గీసుకునే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

డాక్టరు: ఆ పార పాతదేనా?

శ్రోత: రేకు రెండుసార్లు మార్చారు, కామ మాత్రం అదే. కుడిచెయ్యి పట్టుకునే చోట కర్ర నల్లబడి, అద్దంలా నున్నగా అయిపోయింది. బొటనవేలు ఆనే దగ్గర చిన్న గుంట కూడా పడింది. నేను పట్టుకుంటే నా వేలు ఆ గుంటలో సరిపోదు. (కాసేపు మౌనం) డాక్టరుగారూ, పోయిన వారం ఎవరికైనా ఇచ్చేయాల్సిన సామాను జాబితా రాశాను. మొదట రాసింది ఆ పారే. వెచ్చని ఊళ్ళో దానితో పనేముంటుంది అనుకున్నాను. కాగితం బల్ల మీద ఉంటే ఆయన చదివారు. చదివి, మడిచి, మళ్ళీ అక్కడే పెట్టారు. మాట్లాడటం తగ్గించింది అప్పటినుంచే.

డాక్టరు: మీరు తప్పు చేశారని నేను అనను. కానీ ఆయన ఆ జాబితాలో చదివింది పార అన్న మాట ఒక్కటే కాకపోవచ్చు. ఆ వీధికి తాను అవసరమైన మనిషి. కొత్త ఊళ్ళో తన కోసం ఎదురుచూసే గుమ్మం ఒక్కటీ ఉండదు. సొంత ఊరికి దూరంగా ఉండేవాళ్ళు ఇంటి మీద బెంగతో నిజంగానే జబ్బు పడుతున్నారని స్విట్జర్లాండ్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి 1688లోనే రాశాడు. నోస్టాల్జియా అనే మాటను పుట్టించింది అతనే, అదీ ఒక జబ్బు పేరుగా. ఇప్పుడు దాన్ని మనం జబ్బు అనడం లేదు. కానీ ఇల్లు మారిన ఆరు నెలలకు తిండి తగ్గి, నిద్ర తగ్గి నా దగ్గరకు వచ్చిన పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎక్కువమందిని "మీరేమంటారు?" అని ఎవరూ అడగలేదు. "మీ మందులు సర్దుకున్నారా?" అని అడిగారు, అంతే.

శ్రోత: నేనూ అదే అడిగానండి.

డాక్టరు: ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారా?

శ్రోత: పక్క గదిలో రేడియో పెట్టుకున్నారు. ఇదే వింటున్నారేమో.

డాక్టరు: అయితే ఆయనకు ఇష్టమైతేనే, కార్యక్రమం చివర్లో మాట్లాడతాను. బలవంతం మాత్రం చేయకండి.

వ్యాఖ్యాత: మీ ఫోను పెట్టేయకండమ్మా, మళ్ళీ వస్తాం. తర్వాతి శ్రోత.

రెండో శ్రోత: నమస్కారమండి. నాకు 63. మేమూ ఈ ఏడాదే వెచ్చని ప్రాంతానికి మారుతున్నాం. ఇన్సులిన్ తీసుకుంటాను, బీపీ మాత్రలు వేసుకుంటాను. ఏమైనా మార్చుకోవాలా?

డాక్టరు: వెళ్ళే ముందే మీ డాక్టరును కలవండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలుంటే, ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. పైగా వేడి ప్రాంతంలో బీపీ కొంత తగ్గే అవకాశం ఉంది. పాత మోతాదే వేసుకుంటూ పోతే లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. అలాగని మీ అంతట మీరు మాత్ర మానేయకూడదు. ఇక ఇన్సులిన్. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది బయట ఎన్ని రోజులు, ఎంత వేడి వరకు ఉండవచ్చో దాని పెట్టె మీదే ఉంటుంది. చాలా రకాలకు సుమారు నాలుగు వారాలు, అదీ 30 డిగ్రీలు దాటకుండా. చలి ఊళ్ళో బల్ల మీద పెట్టి మరిచిపోయినా నడిచింది. అక్కడ నడవదు. ప్రయాణంలో ఐసుకు ఆనించి పెట్టకండి, ఒకసారి గడ్డకట్టిందంటే ఇక దాన్ని వాడకూడదు.

వ్యాఖ్యాత: ఇంకొకరు లైన్లో ఉన్నారు.

మూడో శ్రోత: మాకు ఒత్తు బొచ్చు కుక్క ఉందండి. దాన్ని తీసుకెళ్ళవచ్చా?

డాక్టరు: తీసుకెళ్ళండి. వదిలేసి వెళ్ళాలన్న ఆలోచన మీకు లేనందుకు సంతోషం. కుక్క మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు, ఎక్కువగా రొప్పడం వల్లే చల్లబడుతుంది. నడిపించడం తెల్లవారుజామున, పొద్దు వాలాక పెట్టుకోండి. ఎండకు కాలిన రోడ్డు మీద మీ అరచేతి వెనకవైపు కొన్ని క్షణాలు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఆపి ఉంచిన కారులో మాత్రం ఐదు నిమిషాలైనా వదలకండి. ఈ మాట పిల్లలకూ వర్తిస్తుంది. మిగతాది పశువైద్యులను అడగండి.

వ్యాఖ్యాత: నాలుగో శ్రోత. చెప్పండి సార్.

నాలుగో శ్రోత: నా ప్రశ్న ఆలస్యమైన ప్రశ్నండి. రెండేళ్ళ కిందట మేము మారిపోయాం. చూసి రావడానికి వెళ్ళినప్పుడు ఊరు ఎంతో హాయిగా ఉంది. వెంటనే పాత ఇల్లు అమ్మేశాం. తర్వాత తెలిసింది, మేము చూసింది అక్కడి మంచి కాలాన్ని మాత్రమేనని. ఎండలు మొదలైతే నాలుగు నెలలు మా ఆవిడ ఇంట్లోంచి బయటికి రాదు. అక్కడ మంచుకు ఇంట్లో కూర్చున్నాం, ఇక్కడ ఎండకు కూర్చుంటున్నాం. మేము పొరపాటు చేశామా?

డాక్టరు: మీ బాధ నాకు అర్థమైందండి. మీరొక్కరే కాదు, చాలామంది అలాగే మోసపోతారు. డేవిడ్ ష్కాడే, డేనియల్ కానెమన్ అనే పరిశోధకులు 1998లో అమెరికాలో సుమారు 2,000 మంది విద్యార్థులను అడిగి చూశారు. ఎండగా ఉండే కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఎక్కువ సంతోషంగా ఉంటారని, చలి ఉండే మధ్య పశ్చిమ రాష్ట్రాలవాళ్ళూ అనుకున్నారు, కాలిఫోర్నియావాళ్ళూ అనుకున్నారు. తీరా ఎవరి జీవితం గురించి వాళ్ళను అడిగితే రెండుచోట్లా తృప్తి ఒక్కలాగే ఉంది. ఊరు మారడం గురించి ఆలోచించేటప్పుడు మనకు వాతావరణం ఒక్కటే కనబడుతుంది. రోజు గడిచేది మాత్రం పని మీద, పలకరించే మనుషుల మీద.

నాలుగో శ్రోత: పలకరించేవాళ్ళే లేరండి ఇక్కడ.

డాక్టరు: మొదటి పని అదే. ఎండాకాలంలో మీ దినచర్యను ముందుకు జరపండి. తెల్లవారకముందే లేచి, మనుషులు తిరిగే చోటికి ఇద్దరూ వెళ్ళండి. ఎనిమిదయ్యేసరికి ఇంటికి వచ్చేయండి. మధ్యాహ్నం కిటికీలు మూసి, రాత్రి చల్లబడ్డాక తెరవండి. కిటికీకి లోపల కట్టిన తెర కన్నా బయట కట్టిన నీడ ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికి రానే రాదు. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మీద ఆధారపడకండి, ఆ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా కనిపిస్తే క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి, దారిలోనే తడిగుడ్డలతో చల్లబరుస్తూ ఉండండి. ఇక మీరు చేసింది పొరపాటా అంటే, తొందర అంటాను. రెండు ఎండాకాలాలు గడిచాక కూడా ఆవిడకు అక్కడ బతుకు కుదరలేదంటే, మళ్ళీ మారడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈసారి మాత్రం ముందు ఆవిడను అడగండి.

డాక్టరు (శ్రోతలందరితో): ఇంకా నిర్ణయం తీసుకోనివాళ్ళకు ఇదే నా విన్నపం. ఆ ఊరికి బాగా ఎండలు కాసే నెలలో వెళ్ళి, అద్దెకు ఉండి, బజారుకు, ఆస్పత్రికి నడిచి చూడండి. పాత ఇంటిని ఒక ఏడాది అమ్మకండి. చలికాలంలో తాళం వేసి వెళ్ళేటట్టయితే గొట్టాల్లోని నీళ్ళు పూర్తిగా బయటికి వదిలేయండి. నీరు గడ్డకట్టినప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, గొట్టాలు పగిలిపోతాయి.

వ్యాఖ్యాత: డాక్టరుగారూ, మొదటి శ్రోత నాన్నగారు ఫోను దగ్గరకు వచ్చారట.

పెద్దాయన: నమస్కారమండి. నేను అంతా విన్నాను. పార గురించి కాదండి నా బాధ.

డాక్టరు: చెప్పండి.

పెద్దాయన: పక్కింటావిడకు 82 ఏళ్ళు. మంచు పడిన రోజున ఆవిడ తలుపు తెరుచుకోవాలంటే ఎవరో ఒకరు తీయాలి కదా. ఎదురింట్లో ఒక అబ్బాయి ఉన్నాడు, ఒళ్ళు వంచి పనిచేస్తాడు. అతణ్ణి అడగవచ్చు. కానీ అడిగితే, నేను వెళ్ళిపోతున్నానని ఒప్పుకున్నట్టే అవుతుంది.

డాక్టరు: ఇంతవరకు ఈ మాట ఇంట్లో ఎవరితోనైనా అన్నారా?

పెద్దాయన: లేదండి.

డాక్టరు: మిమ్మల్ని వెళ్ళమని నేను చెప్పను. ఉండమనీ చెప్పను. ఒక విషయం మాత్రం దాచను. 74 ఏళ్ళ వయసులో గడ్డకట్టే చలిలో మంచు ఎత్తిపోయడం గుండెకు పెద్ద శ్రమ. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, బరువెత్తితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ అబ్బాయి సాయం తీసుకోండి. అతణ్ణి అడిగినంత మాత్రాన వెళ్ళిపోతున్నట్టు కాదు. రెండోది, ఆ ఊరికి ఒక నెల వెళ్ళి చూడండి. కొత్త ఎండకు ఒళ్ళు అలవాటుపడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది, మన వయసుకు ఇంకొంచెం ఎక్కువే కావచ్చు. చెమట త్వరగా పట్టడం, ఆ చెమటలో ఉప్పు తగ్గడం, ఒంట్లో రక్తం పలుచబడి పెరగడం, ఇవన్నీ మెల్లగా జరిగే మార్పులు. ఆ రోజుల్లో బరువైన పనులు పెట్టుకోకండి. దాహం వేసేదాకా ఆగకండి, వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉంటే ఎన్ని నీళ్ళు తాగాలో మీ డాక్టరు చెబుతారు.

పెద్దాయన: అక్కడ ఏ వేళకు చల్లగా ఉంటుందండి?

డాక్టరు: రోజంతటిలో వేడి బాగా తగ్గేది పొద్దు పొడిచే వేళకే.

పెద్దాయన: అయితే నాలుగున్నరకు లేవడం మానుకోనక్కర్లేదు.

డాక్టరు: అక్కర్లేదండి.

పెద్దాయన: సరే. ఈ చలికాలం ఆ అబ్బాయిని వెంటపెట్టుకుని తీస్తాను. పక్కింటావిడ గుమ్మం దగ్గర మెట్టు ఒకటి విరిగి ఉంటుంది, మంచు కప్పేస్తే కనబడదు, అది అతనికి చూపించాలి. ఎండల్లో ఆ ఊరు వెళ్ళి చూస్తాను. వచ్చి చెబుతాను. పార ఎవరికి ఇవ్వాలో అప్పుడు నేనే ఇస్తాను. ఆ జాబితాలోంచి దాన్ని కొట్టేయమని మా అమ్మాయికి చెప్పండి.

డాక్టరు: ఆమె మీ పక్కనే ఉన్నారు కదండీ.

పెద్దాయన: ఉంది. కలం వెతుకుతోంది.