జీతం లేని చోట నాయకత్వం

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఇంట్లోనూ ఆఫీసులోనూ మన సెల్‌ఫోన్లు వైఫైకి కలుస్తున్నాయంటే అందుకు ఆధారం 802.11 అనే సాంకేతిక ప్రమాణం. దానిని 1997లో మొదటిసారి వెలువరించిన ఐట్రిపుల్‌ఈ ఒక వృత్తి సంఘం. అమెరికాలో 1884లో ఒకటి, 1912లో మరొకటి పుట్టిన రెండు ఇంజినీర్ల సంఘాలు 1963లో కలిసిపోగా అది ఏర్పడింది. ఆ ప్రమాణాన్ని ఏళ్ళ తరబడి చర్చించి, సవరించి, ఓటు వేసి ఖాయం చేసిన ఇంజినీర్లకు సంఘం జీతమేమీ ఇవ్వలేదు. పలువురిని వారి కంపెనీలే ఆ పనికి పంపి ఉండవచ్చు. అయినా సంఘానికి సంబంధించినంతవరకు వారు స్వచ్ఛంద కార్యకర్తలే. ఇంత పెద్ద పని జీతం ఆశ చూపకుండా జరిగిందంటే, అలాంటి వారిని నడిపించే పద్ధతిని శ్రద్ధగా తెలుసుకోవలసిందే.

మన దేశంలో 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం జరుపుకుంటాం. 1908 నాటి మూసీ వరదల తరువాత హైదరాబాదు రక్షణకు ప్రణాళిక వేసిన ఆయనను తలచుకోవడానికి సభ్యులు ఉత్సాహంగా వస్తారు. అయితే సంఘం బలం తెలిసేది ఆ రోజున కాదు. అక్టోబరులోనో నవంబరులోనో, పట్టుమని పాతికమంది రాని ఒక సాంకేతిక ఉపన్యాసానికి ఎవరు కూర్చుని ఏర్పాట్లు చేస్తారన్న దాన్ని బట్టి తెలుస్తుంది.

అక్కడ అధ్యక్షులు ఎక్కువగా చేసే పని, సభలో లేచి "మీరంతా సహకరించాలి" అని కోరడం. అందరినీ కోరితే ఎవరూ కదలరు. దానికి బదులు ఒక యువ ఇంజినీరును పక్కకు పిలిచి ఇలా చెప్పి చూడండి: "వచ్చే నెల మూడో శనివారం ట్రాన్స్‌ఫార్మర్ల నిర్వహణపై ఉపన్యాసం పెడుతున్నాం. వక్తతో మాట్లాడటం, ప్రసంగ సారాంశం తెప్పించడం, సభ్యులకు ఆహ్వానం పంపడం మీరు చూసుకోండి. హాలు, టీ సంగతి ఇంకొకరు చూస్తారు. అయిదు వేల లోపు ఖర్చయితే నన్ను అడగనక్కరలేదు." ఇందులో పనికి మొదలు ఉంది, ముగింపు ఉంది, దానితోపాటు కొంత అధికారమూ ఉంది. అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం అప్పగిస్తే, ఎంత ఆసక్తి ఉన్నవారైనా రెండో కార్యక్రమానికల్లా వెనక్కి తగ్గుతారు.

విద్యార్థి సర్టిఫికెట్టు కోసం వస్తాడు, ఉద్యోగి పరిచయాల కోసం వస్తాడు, పదవీ విరమణ చేసిన పెద్దాయన తన అనుభవాన్ని నలుగురికీ పంచాలని వస్తాడు. ఏ కోరికనూ చిన్నచూపు చూడకూడదు. సర్టిఫికెట్టు కోసం వచ్చిన కుర్రవాడికి చక్కటి పని అప్పగిస్తే, సర్టిఫికెట్టు అందిన తరువాత కూడా అతడు వస్తూనే ఉంటాడు.

ప్రభుత్వ శాఖల్లో పెద్ద హోదాలో పనిచేసి వచ్చినవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఆఫీసులో మెమో ఇచ్చి పని చేయించవచ్చు. ఇక్కడ గొంతు పెంచితే కార్యకర్త ఎదురు చెప్పడు, రాజీనామా లేఖ కూడా ఇవ్వడు. ఫోను ఎత్తడం మానేస్తాడు, అంతే. అలా మౌనం వహించినవారిని నిందించకుండా, "ఇంట్లో ఏమైనా ఇబ్బందా? పని వేరొకరికి మార్చమంటారా?" అని అడిగి, వారు గౌరవంగా తప్పుకునే దారి ఉంచాలి. పరీక్షలు అయ్యాకనో, బదిలీ గొడవ తీరాకనో వారు మళ్ళీ రాగలిగేది అలా చేసినప్పుడే.

ఇక డబ్బు సంగతి. బ్యానరుకూ టీకీ చేతి డబ్బు ఖర్చు పెట్టిన విద్యార్థిని రశీదు ఇచ్చి నెలల తరబడి కోశాధికారి చుట్టూ తిరగవలసి వస్తే, ఆమెకు ఆ సంఘం మీద గౌరవం మిగలదు. ఎన్ని ప్రేరణ ప్రసంగాలు చేసినా ఆ లోటు పూడదు. కాబట్టి వారం తిరిగేలోగా ఆ డబ్బు ఆమెకు చేరాలి.

మన సభల్లో ముఖ్య అతిథికి శాలువా, జ్ఞాపిక తప్పకుండా అందుతాయి. పని చేసినవారి వంతు వచ్చేసరికి వందన సమర్పణలో "తోడ్పడిన ప్రతి ఒక్కరికీ" అన్న ఒక్క మాటతో సరిపెడతాం. పేరు పెట్టి, చేసిన పని చెప్పి మెచ్చుకోవాలి. అంతకన్నా మేలైనది, అలా పని చేసిన యువ ఉద్యోగి ఉన్న సంస్థ మేనేజరుకు, ఆ వ్యక్తి ఏ పనిని ఎంత సమర్థంగా చేశారో వివరిస్తూ అధ్యక్షుడు సంతకం చేసిన ఒక ఉత్తరం పంపడం.

మంచి అధ్యక్షుడు తన పదవీకాలం మొదటి నెలల్లోనే తరువాతి వ్యక్తిని గుర్తించి, సమావేశాలకు వెంట తీసుకువెళ్ళి, రెండింటికైనా అధ్యక్షత వహించనిస్తాడు. బాధ్యతలు అప్పగించే రోజున హాలు వారి ఫోను నంబర్లు, బ్యాంకు పత్రాలు, సభ్యుల జాబితా, ఈమెయిలు ఖాతా పాస్‌వర్డు, ఇంకా చెల్లించవలసిన బిల్లులు అన్నీ ఒకే ఫైలులో పెట్టి కొత్త అధ్యక్షుడి చేతికిస్తాడు. మరుసటి సమావేశంలో ఆ పాత అధ్యక్షుడు వేదిక దిగి, సభ్యుల వరుసలో కూర్చుంటాడు.