శాసనసభలో మన కాలువ సంగతి

శ్రోతలకు నమస్కారం.

అసెంబ్లీ సమావేశాలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు టీ దుకాణాల్లో వినబడే మాట ఒకటే: "మనోడు లేచినాడా? ఏటైనా మాటాడినాడా?" లేచాడో లేదో టీవీలో కనబడుతుంది. ఏ నిబంధన కింద లేచాడో కనబడదు. నిజానికి అసలు సంగతి అక్కడే ఉంది. ఆయన మాటకు మంత్రి జవాబు చెప్పి తీరాలా, విని ఊరుకోవచ్చా, సభ ఓటు వేయాలా అన్నది ఆయన ముందుగా ఇచ్చిన నోటీసును బట్టి ఉంటుంది. గొంతు ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు.

మన శాసనసభలో సభ్యులు 175 మంది. సభ నడవాలంటే అందులో పదో వంతు, అంటే 18 మంది హాజరు ఉండాలి. దీన్నే కోరం అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ఉమ్మడి జిల్లాల నియోజకవర్గాలు పదీ తొమ్మిదీ కలిపి 19. అంటే ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా మన వాళ్లందరూ వచ్చి కూర్చుంటే, మిగతా రాష్ట్రం నుంచి ఒక్కరు రాకపోయినా కోరం నిండినట్టే. తంగి సత్యనారాయణ, ప్రతిభా భారతి, తమ్మినేని సీతారాం సభాపతులుగా కూర్చున్నారు కాబట్టి ఆ కుర్చీ కూడా మన ప్రాంతానికి కొత్తేమీ కాదు.

సమావేశాలు ఎన్ని రోజులు, ఏ రోజు ఏ పని అన్నది సభా వ్యవహారాల సలహా సంఘం తేలుస్తుంది. పత్రికల్లో బీఏసీ అని చదువుతుంటాం కదా, అదే. ఆ తర్వాత ప్రతి రోజుకూ ఒక ఎజెండా కాగితం తయారవుతుంది. సభ్యుడి చేతిలో ఆ రోజు ఉండే ముఖ్యమైన కాగితం అదే. సభాపతి ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అందులో లేని పని సభలో జరగదు.

రోజు మొదలయ్యేది ప్రశ్నోత్తరాలతో. దీనికి ఒక గంట. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అంతటితో సరి. జాబితాలో సాధారణంగా పది నక్షత్ర ప్రశ్నలు ఉంటాయనుకుందాం. అరవై నిమిషాలను పదితో భాగించండి. ఒక్కోదానికి ఆరు నిమిషాలు. మొదటి రెండు ప్రశ్నలకే అరగంట గడిచిపోతే, ఎనిమిదో ప్రశ్న అడిగిన సభ్యుడు లేచే అవకాశమే రాదు. అలా వంతు రాని ప్రశ్నలకు సమాధానాలు సభ ముందు ఉంచినట్టు భావిస్తారు. జవాబు కాగితం మీద ఉంటుంది, అనుబంధ ప్రశ్న మాత్రం పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఏ ప్రశ్న ఎన్నో వరుసలో ఉందో ముందు చూసుకుంటారు.

ప్రశ్న రాయడమే ఒక పని. వంశధార ఎడమ కాలువ శివారు భూముల సంగతే తీసుకుందాం. గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలినా శివారుకు చేరేసరికి సన్నగిల్లుతాయన్నది ఆ ఆయకట్టు రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. దీన్ని ఇలా రాస్తే ఏమవుతుంది? "శివారు రైతులను ప్రభుత్వం ఎందుకు గాలికి వదిలేసింది?" ఇది ప్రశ్న కాదు, ఆరోపణ. ప్రశ్నలో వాదన ఉండకూడదు, వెటకారం ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు, ఇలా జరిగితే ఏం చేస్తారనే ఊహ ఉండకూడదు, కోర్టులో నడుస్తున్న వ్యవహారం కాకూడదు. సమాచారం మాత్రమే అడగాలి. పై ప్రశ్న శాసనసభ సచివాలయం వడపోతలోనే ఆగిపోతుంది.

సరే, పద్ధతిగా రాద్దాం. మన సభలో ప్రశ్నలకు ఒక అచ్చు ఉంది. నీటిపారుదల మంత్రి ఈ క్రింది విషయాలు దయచేసి తెలియజేస్తారా: (అ) ఎడమ కాలువ శివారు ఆయకట్టుకు ఈ ఖరీఫ్‌లో నీరు అందని మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, ఎన్ని ఎకరాలకు అందలేదు? (ఇ) అందుకు కారణాలేమిటి? చూడ్డానికి చక్కగా ఉంది. ఇందులోనే ఒక గొయ్యి ఉంది. (అ)కు "లేదండి" అని ఒక్క మాట వస్తే చాలు, (ఆ)కూ (ఇ)కీ "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని పడుతుంది. మూడు భాగాల ప్రశ్నకు నాలుగు మాటల జవాబు. అచ్చయిన జవాబులు చదివితే ఈ "ఉత్పన్నం కాదు" ఎన్నిసార్లు కనబడుతుందో!

తెలిసిన సభ్యుడు ప్రశ్నను ఒక్క "వాస్తవమేనా" మీద నిలబెట్టడు. మొదటి భాగంలోనే లెక్క అడుగుతాడు. (అ) ఎడమ ప్రధాన కాలువ కింద స్థిరీకరించిన ఆయకట్టు మండలాల వారీగా ఎంత? (ఆ) ఈ ఖరీఫ్‌లో మండలాల వారీగా నీరందింది ఎంత? (ఇ) పూడికతీతకు మంజూరైన మొత్తం ఎంత, ఖర్చయినది ఎంత? (ఈ) మిగిలిన పనులు ఏ తేదీలోగా పూర్తవుతాయి? వీటిలో దేనికీ "లేదండి" అని తప్పించుకోవడం కుదరదు. ఎక్కడ తేడా ఉందో (అ), (ఆ) అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే దానంతటదే బయటపడుతుంది. అనుబంధ ప్రశ్న అక్కడ వేయాలి. ఆ మండలాల పేర్లు, పాత లెక్కలు అందించాల్సింది రైతులే. వట్టి వినతిపత్రం కన్నా, మదుం (కాలువ నుంచి పొలాలకు నీరు వదిలే తూము) నంబరు, ఎకరాలు, నీరు ఆగిన తేదీ రాసిన అర కాగితం సభ్యుడికి ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో జాగ్రత్త. విషయం రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది కావాలి. రైల్వే జోను గురించో, జాతీయ రహదారి టోలు గురించో మంత్రిని అడిగితే అది కేంద్రం వ్యవహారమని పక్కన పెడతారు.

ప్రశ్నోత్తరాలు అయ్యాక జీరో అవర్. పార్లమెంటులో ఆచారంగా పుట్టిన పద్ధతి ఇది. సభ్యుడికి రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. ఊరి వంతెన, ఆసుపత్రిలో డాక్టరు ఖాళీ, ఏనుగులు తొక్కిన వరి, ఏదైనా చెప్పుకోవచ్చు. టీవీలో బాగా కనబడేది ఇదే, బలం తక్కువదీ ఇదే. మంత్రి వెంటనే జవాబు చెప్పాలన్న నియమం లేదు. మర్నాడు వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో చాలా భాగం ఈ గంటవే.

ఇక తీర్మానాల దగ్గరకు వద్దాం. ఇక్కడ మన భాషే కొంత తికమక పెడుతుంది. సభ ఒప్పుకున్న నిర్ణయాన్నీ తీర్మానం అంటాం, సభ్యుడు ఇచ్చిన ప్రతిపాదననూ తీర్మానమే అంటాం. "వాయిదా తీర్మానం తిరస్కరణ" అని పొద్దున్నే పత్రికలో చదివి, ఓటింగులో ఓడిపోయిందనుకుంటారు చాలామంది. ఓటింగు ఊసే లేదు. సభాపతి నోటీసును అనుమతించలేదు, అంతే.

ఈ వాయిదా తీర్మానం 63వ నిబంధన కింద వస్తుంది. సభను ఇంటికి పంపడం దీని ఉద్దేశం కాదు. ఎజెండాలో ఉన్న పనిని వాయిదా వేసి, ముందు ఈ విషయం చర్చించమని అడగడం. అందుకే షరతులు గట్టివి. విషయం ఒక్కటే అయి ఉండాలి, తాజాగా జరిగినదై ఉండాలి, ప్రజలకు సంబంధించిన అత్యవసరం కావాలి. నిన్న రాత్రి నాగావళి గట్టు తెగిందంటే పనికొస్తుంది. పదేళ్ల నుంచి గట్టు బలహీనంగా ఉందంటే పనికిరాదు, ఎందుకంటే పదేళ్లు ఆగినది ఇంకో వారం ఆగగలదన్నది లెక్క. ప్రతిపక్షాలు ఏ పార్టీవైనా రోజూ ఒక వాయిదా తీర్మానం ఇవ్వడం, అది తిరస్కరణకు గురికావడం, పోడియం దగ్గరకు వెళ్లడం, సభ పది నిమిషాలు ఆగడం మనకు అలవాటైపోయింది. ఆ పది నిమిషాలు పోయేది మన రెండో, మూడో ప్రశ్నలోంచి.

పాత సమస్యకు సావధాన తీర్మానం మేలు. ఇది 74వ నిబంధన. ఫలానా విషయం మీద మంత్రి దృష్టిని ఆకర్షిస్తున్నానని సభ్యుడు నోటీసు ఇస్తాడు. అది అనుమతి పొందితే మంత్రి శాఖ నుంచి వివరాలు తెప్పించుకుని సభలో ప్రకటన చేయాలి. ఓటు ఉండదు. కానీ ఆ ప్రకటన రికార్డులోకి వెళుతుంది. పాడైన గట్టు సంగతికి ఇదే సరైన దారి. కొంచెం విస్తారంగా మాట్లాడాలంటే స్వల్పకాలిక చర్చ ఉంది. అక్కడా ఓటు ఉండదు, చివర మంత్రి జవాబు ఉంటుంది.

బడ్జెట్ రోజుల్లో దొరికే ఆయుధం కోత తీర్మానం. బడ్జెట్ ప్రసంగం అయిపోయాక ఒక్కో శాఖ ఖర్చుకు ఒక్కో పద్దు సభ ముందుకు వస్తుంది. దాన్ని తగ్గించమని అడిగేదే కోత తీర్మానం, మూడు రకాలు. శాఖ విధానమే తప్పంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. దుబారా ఉందంటే ఫలానా మొత్తం తగ్గించమంటారు. ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు వినిపించాలంటే వంద రూపాయలు తగ్గించమంటారు. మన ప్రాంతానికి పనికొచ్చేది ఈ వంద రూపాయల కోత. కిడ్నీ జబ్బులతో బాధపడుతున్న ఉద్దానం సంగతి చూడండి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడ నిపుణుల పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, చివరి ఊరి కుళాయికి నీరు రోజుకు ఎన్ని గంటలు వస్తుంది, ఇవన్నీ వైద్యం పద్దు మీద ఒక వంద రూపాయల కోత, తాగునీటి పద్దు మీద మరో వంద రూపాయల కోత ఇచ్చి మాట్లాడవచ్చు. వంద రూపాయలు తగ్గించాలని ఎవరికీ కోరిక ఉండదు, మాట్లాడే హక్కు కోసం అది.

ఇందులో ఒక చిక్కు ఉంది. పద్దుల చర్చకు కేటాయించిన రోజులు అయిపోతే, చర్చకు రాని పద్దులన్నిటినీ చివరి రోజున ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. దీన్ని గిలెటిన్ అంటారు. మన పద్దు ఆ చివరి గుంపులో పడితే కోత తీర్మానం రాసిన కాగితం కాగితంగానే మిగులుతుంది.

ఓటు సంగతి. సభాపతి ముందు "అనుకూలురు అవును అనండి", తర్వాత "వ్యతిరేకులు కాదు అనండి" అని అడిగి, వినబడిన దాన్ని బట్టి తేలుస్తారు. ఇది మూజువాణి ఓటు. ఎవరైనా అభ్యంతరం చెప్పి డివిజన్ కోరితే తలలు లెక్కపెడతారు. 2014 జనవరి 30న రాష్ట్ర పునర్విభజన బిల్లును తిరస్కరిస్తూ అప్పటి సభ చేసిన తీర్మానం మూజువాణి ఓటుతోనే నెగ్గింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది. రాజ్యాంగం మూడో అధికరణం కింద సభ అభిప్రాయం అడగాలే కానీ ఒప్పుదల అక్కరలేదు మరి. శాసనమండలి రద్దు కోరుతూ 2020 జనవరిలో సభ తీర్మానం చేసింది. పార్లమెంటు చట్టం చేస్తేనే అది అమలవుతుంది. చేయలేదు. 2021 నవంబరులో సభే దాన్ని వెనక్కి తీసుకుంది. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ వద్దని 2021 మేలో చేసిన తీర్మానం కూడా కేంద్రానికి విన్నపమే, ఆజ్ఞ కాదు.

అన్ని తీర్మానాలూ ఇంత మెత్తనివి కావు. అవిశ్వాస తీర్మానం నెగ్గితే మంత్రివర్గం దిగిపోవాల్సిందే. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర సభ కర్నూలులో ఉండగా, మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుగీత కార్మికుల తరఫున ఆ పోరు నడిపిన వారిలో మన సోంపేట వైపు నాయకుడు గౌతు లచ్చన్న ఒకరు. ఆ రోజు మూజువాణి పనికొచ్చేది కాదు, ఒక్కొక్క తలా లెక్కే.

సభ అయ్యాక పని అయిపోలేదు. మంత్రి "పరిశీలిస్తాం", "చర్యలు తీసుకుంటాం" అన్న మాటలను మనం తేలిగ్గా తీసుకుంటాం. సభలో అంటే అవి హామీలు. హామీల కమిటీ వాటిని రికార్డు నుంచి ఏరి, ఏమైందని శాఖను అడుగుతుంది. కాబట్టి ఆ మాట ఏ తేదీన, ఏ ప్రశ్న నంబరు కింద వచ్చిందో ఎవరో ఒకరు ఊళ్లో రాసి పెట్టుకోవాలి. తేదీ, నంబరు లేకుండా వెతకడం కష్టం.

మరొకటి. సమావేశాలు ముగిశాక గవర్నరు సభను ప్రొరోగ్ చేస్తారు, అంటే ఆ విడత సమావేశాలు అయిపోయినట్టు అధికారికంగా ప్రకటిస్తారు. బిల్లులు అప్పటికీ బతికే ఉంటాయి కానీ, చర్చకు రాకుండా మిగిలిపోయిన నోటీసులు చెల్లకుండా పోతాయి. పోయిన సమావేశాల్లో కాలువ మీద ఇచ్చిన సావధాన తీర్మానం ఈసారి దానంతటది రాదు. కొత్త కాగితం మీద, కొత్త లెక్కలతో, మళ్లీ రాసి ఇవ్వాలి.

నమస్కారం.