గార్డు ఊడిన కటింగ్ మెషిన్

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ. ఈ దారిలో ఏ ఊరి బజారులో నడిచినా ఒక వెల్డింగ్ షాపు ఎదురవుతుంది. షాపు ముందు నేల మీద, ఒక్కోసారి రోడ్డు అంచునే, కటింగ్ మెషిన్ పెట్టి ఉంటుంది. 14 అంగుళాల వీల్, పైన పిడి, కింద పైపును బిగించే వైసు. కిటికీ గ్రిల్లు కావాలన్నా, రేకుల షెడ్డు కావాలన్నా, ట్రాక్టరు తొట్టె బాగుచేయాలన్నా ఇనుము ముందుగా దీని కిందికే వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటి తుపాను వచ్చిపోయాక రేకుల పైకప్పులు మళ్లీ ఎక్కించే రోజుల్లో ఈ మెషిన్లకు తీరిక ఉండదు. ఇంటివారు తొందరపెడతారు, మేస్త్రి తొందరపడతాడు. ఆ తొందరలో మెషిన్ నుంచి మొట్టమొదట ఊడేది గార్డు, అంటే వీల్‌ను కప్పి ఉంచే తొడుగు. తరవాత మనిషి వంటికి ఏ ముప్పు వచ్చినా చాలావరకు అక్కడే మొదలవుతుంది కాబట్టి ఈ రోజు దాని గురించి వివరంగా మాట్లాడాలనుకుంటున్నాను.

ఈ వీల్‌కు రంపానికి ఉన్నట్టు పళ్లు ఉండవు. అల్యూమినియం ఆక్సైడ్ అనే గట్టి గరుకు రేణువులను రెసిన్‌తో అతికించి, లోపల గాజుపీచు వల వేసి దీన్ని తయారుచేస్తారు. ప్రతి రేణువూ ఇనుమును కొద్దికొద్దిగా గీకి, మొద్దుబారాక తానే రాలిపోతుంది. దాని కింద నుంచి పదునైన కొత్త రేణువు బయటపడుతుంది. అందుకే వాడేకొద్దీ వీల్ చిన్నదవుతూ ఉంటుంది. నిలువుగా దిగేటప్పుడు ఎంత గట్టిదో, పక్క నుంచి ఒత్తిడి తగిలితే అంత బలహీనమైనది. ఉక్కు బ్లేడు అయితే వంగి తట్టుకుంటుంది, ఇది పగిలిపోతుంది.

14 అంగుళాలంటే 355 మిల్లీమీటర్లు. సాధారణంగా ఈ మెషిన్లు నిమిషానికి 3,800 చుట్లకు అటూ ఇటుగా తిరుగుతాయి. లెక్క కడితే వీల్ అంచు సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. విరిగిన ముక్క కూడా అదే వేగంతో వస్తుంది. సెకనులో పదో వంతు గడిచేలోపు అది 7 మీటర్లు దాటుతుంది. చూసి పక్కకు తప్పుకుందాంలే అనుకోవడానికి మనకు వ్యవధి దొరకదు.

కాబట్టి మెషిన్ తిరుగుతున్నప్పుడు ఎవరూ వీల్‌కు సూటిగా, అది తిరిగే వరుసలో నిలబడకూడదు. పిడి పట్టిన మనిషి ఒక అడుగు పక్కకు ఉండాలి. సహాయకుడు కూడా అంతే. గ్రిల్లు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి మెషిన్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునే ఇంటాయన గురించి ఎవరూ ఆలోచించరు. ఆయన్ను మర్యాదగానే అయినా గట్టిగా చెప్పి, లేపి పక్కకు పంపాలి.

గార్డును ఎందుకు తీసేస్తారో నాకు తెలుసు. గీసిన గీత కనబడదంటారు. ఇనుప రజను పేరుకుని గార్డు పట్టేస్తుందంటారు. లావు పైపు పట్టదంటారు. గీత కనబడాలంటే స్విచ్ వేయకముందే వీల్‌ను కిందికి దించి గీతకు ఆనించి చూసుకోవచ్చు. సరిచూసి వైసు బిగించి, వీల్ పైకెత్తి, అప్పుడు స్విచ్ వేయాలి. రజను పేరుకుంటే ప్లగ్ తీసి బ్రష్‌తో దులపడం రెండు నిమిషాల పని. ఇక గార్డు ఉండగా పట్టని లావు పైపును ఆ మెషిన్ మీద కోయకూడదు. దానికి గ్యాస్ కటింగ్ ఉంది, హాక్సా ఉంది. చేతి గ్రైండరుకూ ఇదే మాట వర్తిస్తుంది. 4 అంగుళాల గ్రైండరుకు 5 అంగుళాల వీల్ తగిలించడానికి గార్డు పీకేయడం చాలా షాపుల్లో మామూలైపోయింది. అది నిమిషానికి 11,000 చుట్లు తిరిగే యంత్రం. పైగా మన ముఖానికి మూరెడు దూరంలో ఉంటుంది.

వీల్ మీద ఉన్న కాగితాన్ని చదివే అలవాటు మనకు లేదు. గరిష్ఠ వేగం దాని మీదే ఉంటుంది. మెషిన్ ప్లేటు మీద ఉన్న చుట్ల సంఖ్య కన్నా వీల్ మీద ఉన్న సంఖ్య ఎక్కువ కావాలి, సమానమైనా ఫర్వాలేదు. తక్కువైతే ఆ వీల్ ఆ మెషిన్‌కు పనికిరాదు. ఇనుము కోసేదా, రాయి కోసేదా అన్నదీ అక్కడే ఉంటుంది. రాతి వీల్ ఇనుముకు వాడకూడదు. కర్ర కోసే పళ్ల బ్లేడును ఈ మెషిన్‌కు ఎన్నడూ తగిలించకూడదు. మధ్య రంధ్రం చుట్టూ ఉండే లోహపు ఉంగరం మీద సాధారణంగా గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. రెసిన్ వీల్‌కు తయారైన నాటి నుంచి 3 ఏళ్ల గడువు ఇస్తారు. మన వైపు వానాకాలంలో షాపు గోడ చెమ్మెక్కుతుంది. ఆ గోడకు ఆనించి పెట్టిన వీల్ తడి పీల్చి బలం కోల్పోతుంది. చదునైన పలక మీద, పొడిచోట పడుకోబెట్టి ఉంచాలి. కింద పడిన వీల్‌ను బాగానే ఉన్నట్టుందని మళ్లీ బిగించవద్దు. సానరాయిని తట్టి, మోగే శబ్దాన్ని బట్టి మంచిచెడ్డలు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. రెసిన్‌తో చేసిన ఈ పలుచని వీల్ విషయంలో ఆ పరీక్షను నమ్మలేం. ఒక వీల్ ఖరీదు ఒక రోజు కూలికన్నా తక్కువ. అనుమానం వస్తే విరిచి పారేయండి.

వేగం సంగతి ఎప్పుడో చట్టంలోకీ ఎక్కింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్‌లో, గ్రైండింగ్ జరిగేచోట ప్రతి మెషిన్ దగ్గరా వీల్ గరిష్ఠ వేగాన్ని రాసి పెట్టాలని ఉండేది. అయితే ఇద్దరు ముగ్గురు పనిచేసే మన బజారు షాపులు ఫ్యాక్టరీ లెక్కలోకి రావు. ఇన్‌స్పెక్టరు రాడు కాబట్టి ఆ బాధ్యత మేస్త్రిదే.

వీల్ మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ ఊడదీయాలి. వీల్‌ను రెండు వైపులా పట్టి ఉంచే బిళ్లలు, అంటే ఫ్లాంజ్‌లు, ఒకే సైజువి కావాలి, తుప్పు, రజను తుడిచి ఉండాలి. రంధ్రం సరిపోకపోతే సుత్తితో దిగ్గొట్టడం, రేకు ముక్క చుట్టి సర్దడం చేయకూడదు. బిగించాక చేత్తో తిప్పి చూసి, గార్డు మూసి, పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వాలి. లోపం ఉన్న వీల్ చాలాసార్లు ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

కోసే ముక్క కదలకూడదు. 'చిన్న ముక్కే కదా, కాలితో తొక్కిపెట్టు' అనే మాట షాపులో వినబడకూడదు. పొడవైన పైపు అయితే అవతలి కొస కింద అదే ఎత్తులో స్టాండు పెట్టాలి. లేకపోతే పైపు కుంగి, సగం కోసిన కొమ్మలో రంపం ఇరుక్కున్నట్టు కోతలో వీల్ ఇరుక్కుంటుంది. అక్కడ పక్క ఒత్తిడికి పగులుతుంది. కోసి వేరుపడే ముక్కను మాత్రం బిగించకుండా పడిపోనివ్వాలి. యాంగ్లర్‌ను, అంటే L ఆకారపు ఇనుప కమ్మీని, బోర్లించి, రెండు రెక్కలూ కిందికి వాలేలా పెడితే వీల్ పలుచని చోటునే తాకుతుంది. పూర్తి వేగం వచ్చాకే వీల్ దించాలి. బరువంతా పిడి మీద వేస్తే కోత త్వరగా తెగదు, వీల్ వేడెక్కుతుంది.

నిప్పురవ్వలు ఎటు పోతున్నాయో చూసుకోండి. పెట్రోలు బండి, థిన్నర్ డబ్బా, గడ్డివాము అటువైపు ఉండకూడదు. రాయగడ జిల్లాలో పత్తి అమ్మకాల రోజుల్లో షాపు ముందు పత్తి మూటల బండి ఆగి ఉంటే మెషిన్ ఆపండి. పత్తిలో దూరిన రవ్వ మంట కనబడకుండా లోలోపల రాజుకుంటుంది. పొగ పైకి వచ్చేసరికి బండి ఊరు దాటిపోయి ఉంటుంది. వేలాడే తువ్వాలు, లుంగీ, వదులు చేతుల చొక్కా ఈ పనికి తగవు. చెవులకు ప్లగ్‌లు, ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి.

మన షాపుల్లో మేస్త్రి తెలుగువాడు, సహాయకుడు సవర కుర్రాడో కుయి మాట్లాడేవాడో, గిరాకీలు ఒడియావారు. వీల్ మీద రాత చాలావరకు ఇంగ్లిషులో ఉంటుంది. అర్థమైందా అని అడిగితే కుర్రాడు తల ఊపుతాడు. దాన్ని నమ్మకండి. వీల్ మీద ఉన్న కళ్లద్దాల బొమ్మ, విరిగిన వీల్ బొమ్మ వేలితో చూపించి, అతని మాటలో చెప్పి, అతని చేత చేయించి చూడండి. 18 ఏళ్లు నిండని పిల్లవాడి చేతికి మాత్రం ఈ పిడి ఇవ్వవద్దు. వాడు ఎంత చురుకైనవాడైనా ఇవ్వవద్దు.

చివరగా కళ్లు. మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు మూసి ఉన్న గాగుల్స్ కావాలి. రజను పడితే తోటివాడు అగ్గిపుల్లతోనో రుమాలు కొసతోనో తీసే అలవాటు ఊరూరా ఉంది. అది మానాలి. కన్ను నలపకుండా శుభ్రమైన నీటితో ధారగా కడగండి. పోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నల్లగుడ్డు మీద అతుక్కున్న ఇనుము కొన్ని గంటల్లోనే తుప్పు వలయం వేస్తుంది, తరవాత దాన్ని తీయడం కష్టమవుతుంది. వేగంగా వచ్చిన సన్నని తునక గుడ్డులోకి దూరితే ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా తెలియదు. చూపు మసకబారినా, నీరు ఆగకుండా కారినా కడగడానికి, పీకడానికి ప్రయత్నించవద్దు. ఒత్తిడి పడకుండా కాగితం కప్పు లాంటిది కంటి మీద ఆనించి, 108కి ఫోను చేయండి. జిల్లా ఆసుపత్రి దాటి వెళ్లవలసి వస్తే బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల, కోరాపుట్‌లో ఎస్ఎల్ఎన్ వైద్య కళాశాల ఉన్నాయి. ఇనుము కోస్తుండగా తగిలిందని అక్కడ డాక్టరుకు ముందే చెప్పండి. లోపల లోహం ఉందేమోనని ఎక్స్‌రేతోనో స్కాన్‌తోనో చూస్తారు, ఎంఆర్ఐ మాత్రం తీయరు.