రాత్రిపూట పైకి చదవాల్సిన కథలు

శ్రోతలకు నమస్కారం.

భయపెట్టే కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. "మంచి దెయ్యం కథేదైనా చెప్పండి, చదువుతాం" అని ఎవరైనా అడిగితే ముందో షరతు పెడతాను. మనసులో చదువుకోవద్దు. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఇంకొకళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి అంటాను.

ఈ అలవాటు మా అక్క నేర్పింది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజులవి. పక్కింటివాళ్ళు చదవడం అయ్యాక పత్రిక మా ఇంటికొచ్చేది. అక్క చదివేది, మేమంతా చుట్టూ చేరేవాళ్ళం. తులసి అనే చిన్నపాప మీద కాష్మోరా అనే క్షుద్ర ప్రయోగం జరుగుతుంది. సరిగ్గా ఊపిరాడని చోట ఆ వారం భాగం అయిపోయేది. ఇక ఏడు రోజులు ఆ భయాన్ని మోసుకు తిరగాలి. పెరట్లోకి ఒంటరిగా వెళ్ళాలంటే కాళ్ళు రావు. మూఢనమ్మకాలు పెంచుతున్నాడని రచయిత మీద విమర్శలూ వచ్చాయి. పెద్దయ్యాక మళ్ళీ చదివితే నన్ను పట్టుకున్నది చేతబడి కాదు, ఆ తల్లిదండ్రులు. మంత్రమూ వైద్యమూ పక్కపక్కనే నడుస్తుంటే, దేన్ని నమ్మితే బిడ్డ దక్కుతుందో తెలియక నలిగిపోతారు.

నా మటుకు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భయం కథ మాత్రం ఇంగ్లీషులో ఉంది. డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా'. 1902లో వచ్చింది. ఎండబెట్టిన కోతి పంజా ఒకటి, మన దేశంలో సైన్యంలో పనిచేసి తిరిగివెళ్ళిన ఒక సార్జెంట్ మేజర్ దగ్గర ఉంటుంది. ఎవరో ఫకీరు మంత్రించినది. ముగ్గురికి తలా మూడు కోరికలు తీరుస్తుంది. మొదటివాడి మూడో కోరిక చావు. ఈ మాట సార్జెంట్ తేలిగ్గా చెప్పి ఊరుకుంటాడు. చదివేవాళ్ళకి అక్కడే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ పంజా వైట్ అనే పెద్దాయన చేతికొస్తుంది. ఇంటి బాకీ తీరిపోతుందని కొడుకు సరదాగా చెప్తే, రెండు వందల పౌన్లు కావాలని కోరుకుంటాడు. మర్నాడే డబ్బు మాట వస్తుంది. కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో చిక్కుకుని చనిపోయాడు. కంపెనీవాళ్ళు ఇస్తామన్న సొమ్ము సరిగ్గా రెండు వందలు.

బిడ్డని మట్టిలో పెట్టాక ఒక రాత్రి తల్లి ఒక్కసారిగా కేక పెడుతుంది. ఇంకా రెండు కోరికలున్నాయిగా అంటుంది. ఆయన వద్దంటాడు. యంత్రంలో పడ్డ కొడుకుని బట్టలు చూసి గుర్తుపట్టినవాడు ఆయన. ఆవిడ వినదు. కోరిక కోరుకున్నాక చాలాసేపు ఏమీ జరగదు. కొవ్వొత్తి కొండెక్కుతుంది, గడియారం టిక్కుటిక్కుమంటుంది. అప్పుడు వీధి తలుపు మీద ఎవరో మెల్లగా తడతారు.

ఆ ఇంట్లో తలుపుకి కిందా పైనా గడియలు. తల్లి కింది గడియ లాగేసింది. పైది అందక కుర్చీ ఈడ్చుకొస్తోంది. ఆయన చీకట్లో నేల మీద పాకుతూ, ఎక్కడో పడిపోయిన పంజా కోసం తడుముకుంటున్నాడు.

ఈ కథని ఒక వేసవి రాత్రి, కరెంటు పోయినప్పుడు, అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ మా అమ్మకి చదివి వినిపించాను. లాంతరు దగ్గర కూర్చుని మల్లెపూలు కడుతోంది. తలుపు తట్టిన చోటుకి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముడి సగంలో ఉంది, దారం వేలికి చుట్టి ఉంది. అలాగే వింది. అంతా అయ్యాక నెమ్మదిగా అంది: "తియ్యనివ్వాల్సింది రా. ఎలా ఉన్నా వాడు ఆవిడ కొడుకే కదా." నేను అప్పటిదాకా తలుపవతల ఉన్నదాన్ని చూసే భయపడ్డాను. అమ్మ తలుపు ఇవతల నిలబడి వింది.

ఎడ్గార్ అలెన్ పో 1843లో రాసిన 'ది టెల్ టేల్ హార్ట్' ఇంకా చిన్నది. నేల చెక్కల కింద దాచిన శవం గుండె చప్పుడు, దూదిలో చుట్టిన గడియారంలా వినిపిస్తుంది, హంతకుడికి ఒక్కడికే. గబగబా చదవండి, ఆ వేగంలోనే ఉంది పిచ్చి. 'డ్రాకులా' మొత్తం చదివే ఓపిక లేకపోతే మొదటి నాలుగు అధ్యాయాలు చాలు.

చివరిది మన హైదరాబాదుతో ముడిపడ్డ కథ. రవీంద్రనాథ్ ఠాగూర్ 'క్షుధిత పాషాణ్', అంటే ఆకలిగొన్న రాళ్ళు. 1895 నాటిది. అహ్మదాబాదులో జడ్జిగా ఉన్న అన్నగారి దగ్గర, సబర్మతి ఒడ్డున షాహీబాగ్ భవనంలో ఠాగూర్ కుర్రతనంలో కొన్నాళ్ళున్నాడు. ఆ భవనమే ఈ కథకి బీజం. కథలో మనిషి నైజాం సర్కారు కొలువులో చేరి, బరీచ్ అనే ఊళ్ళో పత్తి సుంకం వసూలు చేస్తాడు. పాడుబడ్డ పాలరాతి మహల్లో మకాం. ఒక సాయంత్రం నది మెట్ల దగ్గర కూర్చుంటే వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆడపిల్లల గుంపు నవ్వుకుంటూ తనని దాటి నీళ్ళలోకి దిగినట్టే ఉంటుంది. ఇక ఆ మహలు ఆయన్ని వదలదు. తెల్లవారేసరికి మెహర్ అలీ అనే పిచ్చివాడు మహలు చుట్టూ తిరుగుతూ "దూరంగా పొండి! అంతా అబద్ధం!" అని అరుస్తుంటాడు. ఆ కేక మాత్రం గొంతెత్తి చదవండి.

ఇదంతా ఆయన ఒక రైల్వే జంక్షన్‌లో, రాత్రి బండి కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికులకి చెప్తుంటాడు. ఆ మహల్లో ఒకప్పుడుండిన ఇరానీ బానిసపిల్ల సంగతి ఎత్తుకుంటాడు. ఇంతలో రైలొస్తుంది. ఫస్ట్ క్లాసు పెట్టెలోంచి తెలిసిన దొర ఒకడు పలకరించి ఆయన్ని ఎక్కించుకుంటాడు. బండి కదులుతుంది. మీరు చదవడం ఆపగానే పక్కన కూర్చున్నవాళ్ళు "తర్వాత?" అని అడుగుతారు. పుస్తకంలో అంతవరకే ఉంది.

సెలవు. నమస్కారం.