నాలుగో ముల్లు, మన అరగంట

అందరికీ నమస్కారం. ముందుగా మీ చేతికున్న వాచీ విప్పండి. ముళ్ల వాచీ అయితేనే సుమా. పన్నెండు గంటలు పెట్టి, తలకిందులుగా పట్టుకుని చూడండి. ఆరున్నర అయినట్టు కనిపిస్తోంది కదా? మనకి పన్నెండైనప్పుడు గ్రీనిచ్‌లో సరిగ్గా ఆరున్నరే. మన టైముకీ గ్రీనిచ్ టైముకీ తేడా అయిదున్నర గంటలు కావడం వల్ల దొరికిన వరం ఇది. ఆ అయిదున్నరలోని అరగంట గురించే ఈవేళ మాట్లాడతాను. లక్షలు పోసి రెండు టైముల వాచీ కొనేవాళ్లు కూడా దాన్ని మరిచిపోతారు.

1950లలో అమెరికా విమాన సంస్థ పాన్ యామ్ పైలట్లు ఖండాలు దాటి విమానాలు నడుపుతున్నారు. దిగిన ఊరి టైమూ కావాలి, గ్రీనిచ్ టైమూ (జీఎంటీ) కావాలి. వాళ్ల అవసరం కోసమే రోలెక్స్ జీఎంటీ మాస్టర్ తయారు చేసింది. మామూలు మూడు ముళ్లకి తోడు, రోజుకి ఒక్కసారే చుట్టు తిరిగే నాలుగో ముల్లు పెట్టింది. డయల్ చుట్టూ 24 గంటల గుర్తులున్న వలయం, అదే బెజెల్, పగటికి ఎరుపు, రాత్రికి నీలం. మొదట్లో బెజెల్ బేకలైట్‌తో చేశారు, అది పగిలిపోతుండడంతో అల్యూమినియానికి మారారు. ఆ బేకలైట్ వాచీల కోసం కలెక్టర్లు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

అసలు సుఖం 1982లో వచ్చిన జీఎంటీ మాస్టర్ 2తో మొదలైంది. కీ ఒక మెట్టు బయటికి లాగి తిప్పితే గంటల ముల్లు మాత్రమే టక్కున ఒక్కో గంట గెంతుతుంది. నిమిషాలు, సెకన్లు ఆగవు. ఇలాంటివాటినే మన కలెక్టర్లు 'ట్రూ జీఎంటీ' అంటారు. పటేక్ ఫిలిప్ కంపెనీ దారి వేరు. వాచీల నిపుణుడు లూయీ కోటియే రూపొందించగా 1959లో పేటెంట్ పొందిన ఆ పద్ధతిలో ఎడమ పక్క రెండు బటన్లుంటాయి, గంటల ముల్లుని ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి జరుపుతుంది. తర్వాతి మోడళ్లలో, ఇంట్లో ఉన్నప్పుడు రెండో గంటల ముల్లు మొదటిదాని కింద దాక్కుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఏర్పాటు అదే.

ఇక మన చిక్కు. చలికాలంలో హైదరాబాద్ నుంచి లండన్‌లో దిగారు. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ మధ్యాహ్నం మూడు. ముల్లుని అయిదు గంటలు వెనక్కి గెంతించారు, మూడున్నర అయింది. ఇంకో అరగంట తగ్గించాలంటే నిమిషాల ముల్లునే తిప్పాలి. దాంతో ఇంటి టైము చూపే నాలుగో ముల్లు కూడా కదిలి 20 దగ్గర నిలుస్తుంది. ఇంట్లో ఎనిమిదిన్నర, వాచీలో ఎనిమిది! నిమిషాల ముల్లు ఒక్కటే కాబట్టి తప్పదు. బెజెల్ తిప్పుదామంటే ఇప్పటి మోడల్‌లో అది 24 క్లిక్కులే, సగం క్లిక్ లేదు. డల్లాస్ అయినా ఇంతే. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు, ఎండాకాలంలో పదిన్నర, అరగంట మాత్రం వదలదు.

మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గరగానే వెళుతుంది. 1906 నుంచి ఉన్న లెక్క అది. దీన్ని పట్టించుకున్న కంపెనీలు లేకపోలేదు. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ 2011లో తెచ్చిన వరల్డ్ టైమ్ వాచీ అరగంట, ముప్పావుగంట తేడాలతో సహా 37 టైమ్ జోన్లు చూపిస్తుంది. దాన్ని సెట్ చెయ్యడానికి కీ ఒక్కటే చాలు. నా మటుకు నాకు, బంగారు కేసు కన్నా ఆ పనితనమే విలువైనది.

కాబట్టి షాపులో వాచీ చేతికి పెట్టుకుని అద్దంలో చూసుకునే ముందు, ఇంటి టైము హైదరాబాద్‌ది, బయటి టైము మీ పిల్లలున్న ఊరిది పెట్టించండి. అరగంట ఎక్కడ చూపిస్తుందో అడగండి. తేడా మనసులో కలుపుకోవడం మీకు ఇబ్బంది కాకపోతే సంతోషంగా కొనుక్కోండి, నేను కొనుక్కున్నాను. అదే ఇది. ముందు వరస నుంచి ఇస్తున్నాను, అందరూ చూడండి. కీ ఒక్క మెట్టే లాగి తిప్పండి, ఆ గెంతు వేలికి తెలుస్తుంది.